కూత ఆగిన తర్వాత

నమోదు 1

ఛాయపందిరి ఈ ఉదయం గట్టు నుంచి వచ్చింది. మా కెరటంపేటలో గట్టు అంటే నేల. పాత ఊళ్లను సముద్రం తనలో కలిపేసుకున్నాక, ఇక్కడ తేలే పలకల మీద పుట్టిన పిల్లలకు నేలంటే పడమటి వైపు కనిపించే సన్నటి గోధుమరంగు గీత మాత్రమే. పడవ వచ్చి ఆసుపత్రి పలకకు ఆనగానే పలక ఊగి, నా టీ మొత్తం చీర కుచ్చిళ్ల మీద ఒలికింది. అయినా నాకు నవ్వే వచ్చింది. ఈ పందిరి కోసం ఎన్ని అర్జీలు పెట్టానో, ఎంతమంది గుమ్మాల్లో కూర్చున్నానో తలుచుకుంటే ఒక చీర పాడవడం లెక్కలోకి రాదు.

పాతకాలం స్కానింగులో మనిషిని సొరంగంలాంటి గొట్టంలోకి తోసి కదలొద్దనేవాళ్లట. అలా పడుకున్న మనిషికి ఆ గొట్టం గురించే దిగులుగా ఉంటుంది, ఇంటి గురించి కాదు. ఛాయపందిరి అలాంటిది కాదు. పెళ్లిపందిరంత ఉంటుంది. దాని కింద కూర్చుని తినొచ్చు, తగువులాడుకోవచ్చు, పాడుకోవచ్చు. అంతసేపూ ఎదురుగోడ మీద మన గుండె, మన మెదడు పక్కపక్కనే కదులుతూ కనిపిస్తాయి. నెత్తురు ఉరికే చోట ఎరుపు, నెమ్మదించిన చోట నీలం.

బిగింపు పూర్తవగానే మా టెక్నీషియన్ యోహాను తనే మొదట కూర్చున్నాడు. చేతిలో మిరపకాయ బజ్జీ. కొరికీ కొరకగానే గోడమీద అతని మెదడు వెలిగిపోయింది.

"చూశారా మేడమ్, నాకు బజ్జీ అంటే ఎంత ప్రేమో! ఇన్నాళ్లూ మా ఆవిడ నమ్మలేదు."

నేను తెలుసుకోవాలనుకుంటున్నది మాత్రం బజ్జీ సంగతి కాదు. దిగులు ముందు మెదడులో మొదలవుతుందా, గుండెలోనా? రోజూ దిగులుపడే మనిషి గుండెలో చివరికి ఏం మిగులుతుంది? నీళ్ల మీద బతికే మా ఊరికంటే ఈ ప్రశ్న అడగడానికి తగిన చోటు ఇంకోటి ఉండదు.

నమోదు 2

ఎవరూ రావడం లేదు. పందిరి కింద కూర్చుంటే మనసులో మాట గోడమీద పడిపోతుందని ఊళ్లో పుకారు. పొద్దున్నే పొగమంచును పట్టే తెరలు పిండి బిందెల్లోకి నీళ్లు పట్టుకునే చోట నేను వెళ్లి నిలబడితే, ఆడవాళ్లంతా మాటలాపేసి తెరల వెనక్కి జరిగారు.

మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. గరికిన నూకరత్నం, ఆమె భర్త ఎల్లాజీ. ఈ ఊరిని సముద్రం అడుగుకు కట్టి ఉంచే గొలుసులను చూసుకునేది వీళ్లే. ఆమె నీళ్లలోకి దిగుతుంది, ఆయన పైన తాడు పట్టుకుంటాడు. ఆమె గొంతు మూడు పలకల అవతలికి వినిపిస్తుంది. ఆయన గొంతు ఎలా ఉంటుందో ఊళ్లో చాలామందికి తెలియదు.

"ఏటమ్మా డాక్టరమ్మా, నీ పందిరి మనసులో మాట సెప్పేస్తాదంట? మా మావ మనసులో ఏటుందో సూడాలని తీసుకొచ్చినాను. పెళ్లయిన కాడ్నించి అడుగుతన్నాను, సెప్పడు."

ఎల్లాజీ నేల చూపులు చూస్తూ నవ్వాడు.

ఇద్దరినీ కూర్చోబెట్టి, మెదడు లోపలి చిన్న గింజను గోడమీద చూపించాను. బాదంగింజంత ఉంటుంది. ప్రమాదం పొంచి ఉందని అనిపిస్తే చాలు, ముందు అదే ఎర్రబడుతుంది. గుండెకు కబురు అక్కడి నుంచే బయల్దేరుతుంది.

"బాదంకాయా!" అంది నూకరత్నం. "నా బుర్రలో జీడిపిక్కుంటాదని మా అత్త అనీది. బాదంకాయంటే నయమే కదేటి."

రేపటికి ఈ మాట ఊరంతా పాకుతుంది. పాకాలి కూడా.

నమోదు 4

పాకింది. పందిరి ముందు వరస కట్టారు. పలకలను కలిపే అతుకు వంతెనల మీద కూడా ఇదే మాట. "ఒలే, నా బాదంకాయని రేపకు" అని చేపల దగ్గర ఒకామె ఇంకొకామెను కసురుతుంటే విని, నేను సంచీ అక్కడే మరిచిపోయి నవ్వుకుంటూ వచ్చేశాను.

పని జోరుగా సాగుతుండగా కూత మొదలైంది.

ఊరి నడిమధ్య స్తంభం మీద కూతగొట్టం ఉంది. కెరటం ఒక ఎత్తు దాటితే దానంతటదే మోగుతుంది. పందిరి కింద అప్పుడు నలుగురు ఉన్నారు. మొదటి కూతకే నాలుగు బాదంగింజలూ నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. రెప్పపాటు తర్వాత నాలుగు గుండెలు అందుకున్నాయి. దారి ఎటు నుంచి ఎటో కళ్లారా చూశాను. ఎగిరి గంతేయాలనిపించింది. కాని ఎదురుగా నలుగురు మనుషులు కొంగులు, తుండ్లు నోటికి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు చూస్తున్నారు. గంతేయలేదు.

కెరటం పలకల కింద నుంచి జారిపోయింది. కూత ఆగింది. ఏమీ కాలేదు.

నమోదు 7

చిత్రమైన సంగతి ఒకటి తేలింది. పందిరి కింద ఎంతమందిని చూసినా అదే తీరు. కూత మోగినప్పుడు గుండె పరుగెత్తడం సహజం, అందుకే మోగిస్తాం. కాని కూత ఆగాక కూడా బాదంగింజ చల్లారడం లేదు. మనుషులు నవ్వుతుంటారు, వల అల్లుకుంటారు, నాచు ఆరబెట్టుకుంటారు. లోపల మాత్రం ఎరుపు అలాగే ఉంటుంది. అది చల్లారేలోగా ఇంకో కూత. తుపాన్ల కాలం దగ్గరపడేకొద్దీ కూతలు పెరుగుతున్నాయి. గుండె చుట్టూ ఉండే నెత్తుటి గొట్టాల గోడలు ఒరుసుకుపోయినట్టు వాచడం కొందరిలో కనిపిస్తోంది.

"మనది కూడా చూద్దామా మేడమ్?" అన్నాడు యోహాను.

"నీది చూశాంగా. బజ్జీలాగే ఉంది" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం, కానీ ఆ మాట ఇద్దరం మళ్లీ ఎత్తలేదు.

నమోదు 9

నూకరత్నం పడిపోయింది.

ఈరోజు కూత పదేపదే మోగింది. మోగినప్పుడల్లా ఆమె గొలుసుల దగ్గరికి పరుగెత్తింది. ఆఖరిసారి వెనక్కి వస్తూ అతుకు వంతెన మీద రొమ్ము పట్టుకుని కూలబడింది. ఎల్లాజీ భుజాన వేసుకుని తెచ్చాడు.

పందిరి కింద పడుకోబెట్టి చూశాం. నెత్తుటి గొట్టాలలో ఎక్కడా అడ్డు లేదు. గుండె కండ మాత్రం కింది భాగంలో బలం వదిలేసి బుడగలా ఉబ్బిపోయి ఉంది. పై భాగం ఒక్కటే కష్టపడి కొట్టుకుంటోంది. దుఃఖం గాని, భయం గాని ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడు ఇలా అవుతుందని పుస్తకాల్లో చదివాను. కళ్లముందు చూడటం ఇదే మొదటిసారి. పక్కన ఉన్న మెదడు బొమ్మలో బాదంగింజ ముట్టుకుంటే కాలేటట్టుంది.

మందు ఎక్కించాక కాస్త తేరుకుంది. నా చెయ్యి పట్టుకుంది.

"కూతంటే నాకు బయం నేదు తల్లీ. మోగినంతసేపూ ఏదో ఉందని తెలుస్తాది, పరిగెడతాం. ఆగిపోనాకే బయం. అయిపోనాదో, ఇంకా ఉందో, గొట్టమే సెడిపోనాదో ఎవులూ సెప్పరు. ఏ ఊసూ నేకుండా నిలబడాల."

నా బొమ్మలన్నిట్లో కనిపిస్తున్న ఎరుపుకు పేరు దొరికినట్టయింది. ఈ ఊళ్లో ప్రమాదం మొదలైందని చెప్పేందుకు గొట్టం ఉంది. అయిపోయిందని చెప్పేందుకు ఏదీ లేదు.

ఈ రకం గుండె మళ్లీ మామూలుగా అయ్యే అవకాశం బాగానే ఉంది. కాని తన చుట్టూ ఉన్న ఊరు మారకపోతే ఆమెకు మళ్లీ ఇదే వస్తుంది. తర్వాత ఇంకెవరికో.

నమోదు 10

భద్రతాధికారి ముద్దాడ కూర్మారావు గారిని కలిశాను. కూతగొట్టం ఆయన చేతిలోనే ఉంటుంది. మర్యాదస్తుడు, మాట తక్కువ. కుర్చీ వేసి, బెల్లం కాఫీ ఇప్పించి, నేను తెచ్చిన బొమ్మలన్నీ ఓపిగ్గా చూశారు.

"కూత తగ్గించమంటారా శశిరేఖ గారూ?"

"తగ్గించొద్దండి. అది ఆగాక, ప్రమాదం తప్పిపోయిందని ఇంకో మాట చెప్పించండి."

ఆయన బొమ్మలు మడతపెట్టి నా చేతికిచ్చారు.

"అయిపోయిందని నాను చెప్పినాక ఇంకో కెరటం వస్తేనో? పాత ఊళ్లో అలాగే అయింది. గాలి ఆగింది. అయిపోయిందనుకుని జనం ఇళ్లకు మళ్లారు. అప్పుడు వచ్చిన కెరటం... అందులో మా నాన్న, మా చెల్లి." కాఫీ గ్లాసు పక్కకు జరిపారు. "బయపడనీండి. బయపడినోళ్లు బతికుంటారు."

లేచి నమస్కారం పెట్టాను. గుమ్మం దాకా వచ్చి, "నూకరత్నం ఎలాగుంది?" అని అడిగారు. ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను. కుదరలేదు.

నమోదు 12

అయినా ప్రయోగం ఆపలేదు. కూర్మారావు గారు ఒప్పుకుంటే ఏ సవ్వడి పెట్టాలో ముందే తెలిసి ఉండాలి కదా. పందిరి కింద మనుషులను కూర్చోబెట్టి, చిన్నగా కూత వినిపించి, ఆ తర్వాత ఒక్కో శబ్దమూ వినిపించి చూస్తున్నాం.

ఊరంతా ఇదే సంబరం. ఒకాయన సన్నాయి తెచ్చాడు. ఊదుతున్నది కల్యాణి రాగమైనా, బిగుసుకున్న ఊపిరితో ఊదేసరికి గేదె అరిచినట్టొచ్చి, పందిరి కింద కూర్చున్న ముసలమ్మ ఉలిక్కిపడి లేచింది. బళ్లో పిల్లలు కుక్కరు విజిల్ పెట్టమన్నారు. అది విన్నవాళ్ల గుండె నెమ్మదించలేదు గాని, కడుపులు గుర్రుమన్న సవ్వడి మాత్రం అందరికీ వినిపించింది. యోహాను చర్చిలో పాడే పాట పాడాడు. బాగానే పాడాడు. బాదంగింజలు కాస్త చల్లారినట్టే చల్లారి, పాట అయిపోగానే మళ్లీ ఎర్రబడ్డాయి.

గొలుసులను చూసి వచ్చే నీటియంత్రం ఒకటి మాకుంది. అంతా బాగుంటే భద్రతాధికారి కార్యాలయం మీద పచ్చదీపం వెలుగుతుంది. ఆ దీపం చూపించినా ఎరుపు కదల్లేదు. "అది ఎప్పుడు సూసినా పచ్చగానే ఉంటాది కదా" అన్నాడొకడు. నిజమే. నేను ఎప్పుడైనా నమ్మి పడుకున్నానా?

నమోదు 13

దొరికింది! మధ్యాహ్నం భోజనం చేయకుండా రాస్తున్నాను.

నూకరత్నం ఇంకా పందిరి కిందే ఉంది. గుండె మెల్లగా ఆకారం తెచ్చుకుంటోంది, మెదడు మాత్రం సర్దుకోవడం లేదు. గొలుసుల సంగతి ఎవరు చూస్తున్నారోనని ఆమె యావ. పక్క మంచాల మీద ఇంకో ఇద్దరు రోగులు. ఈ పూట కూత మోగి ఆగింది. ముగ్గురి మెదళ్లూ ఎర్రగా ఉన్నాయి.

అప్పుడు గుమ్మంలో ఎల్లాజీ నిలబడ్డాడు. ఒంటి నిండా నీళ్లు, జుట్టులో నాచు. ఎప్పుడూ తాడు పట్టుకునే మనిషి, ఈరోజు తానే దిగాడు. మేమంతా చూస్తుండగా గొంతు సవరించుకుని పెళ్లానికి చెప్పాడు.

"సూసొచ్చినానే. సేత్తో అట్టుకుని మరీ సూసినాను. గట్టిగుంది."

అంతే. గోడమీద నూకరత్నం బాదంగింజ ఎరుపు నుంచి ఊదాకు, ఊదా నుంచి నీలానికి దిగిపోయింది. దాని వెంటే గుండె. అది నాకు అంత ఆశ్చర్యం కలిగించలేదు, ఎంతైనా ఆమె మొగుడు. కాని పక్కమంచాల వాళ్లిద్దరివీ దిగాయి! వాళ్లకు ఎల్లాజీ చుట్టమూ కాదు, స్నేహితుడూ కాదు.

యోహాను ఆ మాటను రికార్డు చేసి తర్వాత వచ్చినవాళ్లకు వినిపించాడు. మొదట పని చేసింది, రెండోసారికి తగ్గింది, ఆపైన పచ్చదీపం లాగే అయిపోయింది. ఎల్లాజీని మళ్లీ దింపి, పైకి వచ్చి చెప్పమంటే మాత్రం ప్రతిసారీ పని చేసింది. మన మెదడు మోసపోయే రకం కాదు. ఎవరో ఒక మనిషి నిజంగా వెళ్లి, ముట్టుకుని చూసి, మన దగ్గరికొచ్చి చెప్పాలి. అప్పుడే గుండెకు సెలవిస్తుంది.

"ఒక్కరోజులో ఇన్ని మాటలాడినాడు. ఇంకేటి కావాల నాకు" అంటోంది నూకరత్నం. ఆయన సిగ్గుపడి బయటికి పోయాడు.

నమోదు 15

కూర్మారావు గారిని పందిరి కిందికి రమ్మని బతిమాలాను. పని ఉందన్నారు. నూకరత్నం కబురు పెట్టింది. ఆమె మాట తీసేయలేక వచ్చారు.

కూత వినిపించాం. ఊరందరికీ ఎర్రబడే చోట ఆయనకు నీలంగానే ఉంది. కూత ఆపాం. అప్పుడు ఎర్రబడింది! గోడంతా ఆయన మెదడే అన్నట్టు మండింది. గుండె గుర్రంలా పరుగెత్తింది. నేను, యోహాను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఈ ఊళ్లో అందరికంటే నిశ్శబ్దానికి భయపడే మనిషి ఈయన. అందుకే కూతగొట్టాన్ని ఎంత చిన్న కెరటానికైనా మోగేలా పెట్టుకున్నారు. అది మోగుతుంటేనే ఆయనకు ఊపిరాడుతుంది.

ఆయన తన బొమ్మ చాలాసేపు చూశారు.

"ఎన్నాళ్లనుంచి ఇలాగుంది?"

"మీకే తెలియాలండి."

అప్పుడే ఎల్లాజీ నీళ్లలోంచి వచ్చి, ఈసారి నేరుగా ఆయన ముందు నిలబడ్డాడు. "బాబూ, సూసొచ్చినాను. పెద్దగొలుసు గట్టిగుంది. నాను సెప్తన్నాను కదా."

ఎరుపు తగ్గడానికి సమయం పట్టింది, కాని తగ్గింది. ఆ తర్వాత ఏం జరిగిందో మా ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. కూర్మారావు గారి తల పక్కకు వాలింది. నేను కంగారుగా గుండె బొమ్మ చూశాను. నిండుగా, నింపాదిగా, చెరువులో తామరాకులా ఉంది. తర్వాత గురక వినిపించింది. పట్టపగలు, ఇంతమంది మధ్య, బూట్లతో సహా నిద్రపోయారు. నూకరత్నం తన దుప్పటి కప్పించింది. మేమంతా వేళ్ల మీద నడుస్తూ బయటికొచ్చాం. యోహాను నవ్వాపుకోలేక వంతెన దాకా పరుగెత్తాడు.

లేచాక ఆయన ముఖం కడుక్కుని అన్నారు: "సరే. కూత ఆగినాక ఎవరో ఒకరు వెళ్లి చూసి వచ్చి చెప్పాలి. చూడకుండా మాత్రం చెప్పకూడదు. చూసింది చూసినట్టు చెప్పాలి. మంచైనా, చెడ్డైనా."

అలాగేనన్నాం.

నమోదు 16

కొత్త పద్ధతి మొదలై కొన్నాళ్లయింది. ఎల్లాజీ దిగుతాడు, నూకరత్నం తాడు పట్టుకుని ఆయన చెప్పింది ఊరికి వినిపిస్తుంది. ఈ తుపాన్ల కాలం పోయేదాకా ఆమెను నీళ్లలోకి దిగొద్దన్నాను. దానికి నాతో రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట పీతల కూర పంపింది. ఆమె గుండె కింది భాగం పూర్తిగా కోలుకుంది. చక్కగా ముడుచుకుని విప్పుకుంటోంది. ఊళ్లో వాచిన నెత్తుటి గొట్టాలు కూడా నెమ్మదిస్తున్నాయి.

గట్టు నుంచి పెద్ద తుపాను హెచ్చరిక వచ్చింది.

నమోదు 18

తుపాను వెళ్లిపోయింది. జరిగింది జరిగినట్టు రాయాలి.

ఉదయమే కూత మొదలైంది. ఊరంతా నడిమి పలక మీది పెద్ద సావిడిలోకి చేరాం. ఛాయపందిరిని ముందు రోజే విప్పి అక్కడ కట్టాం, అందరూ దాని కిందే కూర్చున్నారు. సావిడి మధ్యలో నేల తెరిచి ఉన్న నీటిబావి ఉంది. ఊరిని పట్టి ఉంచే పెద్దగొలుసు దానిలోంచే అడుగుకు దిగుతుంది. గాలి తలుపులను తన్నుతుంటే గోడ నిండా ఎర్రటి చుక్కలు. పందిరి వినిపించే గుండెల చప్పుడు భరించలేక నేను ఆ శబ్దం ఆపేశాను.

అప్పుడు ఉన్నట్టుండి గాలి ఆగింది. కూత కూడా ఆగింది. కిటికీలోంచి ఎండ పడింది. పిల్లల తల్లులు లేచారు. ఎవరో తలుపు గడియ మీద చెయ్యి వేశారు. తుపాను నడిబొడ్డు మా మీదికి వచ్చిందన్నమాట. ఇంకో సగం ఇంకా రావలసే ఉంది. పాత ఊరు సరిగ్గా ఇక్కడే మోసపోయింది.

కూర్మారావు గారు లేచి నిలబడ్డారు. గోడమీద ఆయన మెదడు మండిపోతోంది, అందరికీ కనిపిస్తోంది. దాచుకునే ప్రయత్నం చేయలేదు.

"ఇంకా అయిపోలేదు" అన్నారు. "ఇది మధ్యలో విరామం. గాలి ఈసారి అటు నుంచి వస్తాది. తలుపు తీయొద్దు. నాక్కూడా బయంగానే ఉంది, ఆ గోడమీద చూడండి. అయినా మీ మధ్యే కూర్చుంటన్నాను. అయిపోయినప్పుడు నానే చెప్తాను."

గడియ మీది చెయ్యి వెనక్కి వచ్చింది. అందరూ కూర్చున్నారు. నేను గోడ వైపు తిరిగాను. చుక్కలు ఎర్రగానే ఉన్నాయి, కాని వాటి పక్కన గుండెలు నెమ్మదించాయి. "ఇంకా ఉంది" అన్న మాటకే నెమ్మదించాయి! అయిపోయిందని వింటేనే కుదుటపడతాయని ఇన్నాళ్లూ రాసుకున్నాను. నిజం చెప్పే మనిషి పక్కనుంటే చాలన్నమాట. నా సిద్ధాంతం సగం తప్పయింది. తప్పని తేలినందుకు నాకెప్పుడూ ఇంత ఆనందం కలగలేదు.

రెండో గాలి వచ్చింది. మొదటిదానికంటే మోటుగా ఉంది. పలక ఒకపక్కకు ఒరిగింది. ఎక్కడో కింద ఏదో తెగిన శబ్దం విని సావిడంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి గాలి అలిసిపోయింది. కూత ఆగింది. మధ్యాహ్నపు వెలుగు వచ్చింది.

ఎవరూ లేవలేదు. ఎల్లాజీ చొక్కా విప్పి బావిలోకి దిగాడు. నూకరత్నం తాడు పట్టుకుంది. ఆమె గుండెను నేను కన్నార్పకుండా చూశాను. బాదంగింజ ఎర్రగా ఉంది, అదేం చేస్తుంది పాపం. గుండె మాత్రం బెదరలేదు. పైనుంచి కిందిదాకా ఒక్కతీరుగా కొట్టుకుంది.

తాడు కదిలింది. ఎల్లాజీ తల పైకి వచ్చింది. ఊపిరి తీసుకుని ఆమె చెవిలో ఏదో అన్నాడు. ఆమె లేచి, కొంగు నడుముకు చుట్టి, మూడు పలకల అవతలికి వినిపించే గొంతుతో అంది:

"ఇనండర్రా! ఉత్తరం గొలుసు ఒకటి తెగిపోనాది. అది నిజం. పెద్దగొలుసు, మిగతావన్నీ గట్టిగున్నాయి. సేత్తో అట్టుకుని సూసినాడు. గాలి పోనాది. బతికున్నాం!"

గోడ నీలంగా మారింది. ఒక మూల నుంచి మొదలై, నీళ్లలో సిరా ఒలికినట్టు, చివరిదాకా. కూర్మారావు గారు తన మాట నిలబెట్టుకోవడానికి లేచి, "అయిపోయింది" అంటూ చెయ్యి ఎత్తారు. అది చాలింది.

నేను కూర్చుని వివరాలు రాసుకుంటున్నాను. ఇంతలో గోడమీద గుండెలన్నీ మళ్లీ ఒక్కసారిగా దడదడలాడాయి. పొద్దుటి కంటే వేగంగా! నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"యోహానూ! మళ్లీ ఏమైంది?"

"మెదళ్లు చూడండి మేడమ్" అన్నాడు. అతనికి నవ్వాగడం లేదు. "బాదంగింజలు నీలంగానే ఉన్నాయి. ఇటు తిరిగి చూడండి."

తిరిగాను. బావి చుట్టూ ఊరంతా గుండ్రంగా తిరుగుతూ చిందులు వేస్తోంది. బిందెల మీద దరువు, సన్నాయి ఆయన మళ్లీ గేదెలా ఊదుతున్నాడు, ఎవరికీ పట్టింపు లేదు. ఎల్లాజీ తడిబట్టలతోనే ఎగురుతున్నాడు. కూర్మారావు గారు బూట్లు విప్పి ఒక పక్కన పెడుతున్నారు. భయంలో పరుగెత్తిన గుండే ఆనందంలోనూ అదే పరుగు తీస్తోంది. తేడా తెలియాలంటే పక్కనున్న మెదడును కూడా చూడాలి. ఈ ఒక్క బొమ్మ కోసమే గుండెను, మెదడును కలిపి చూపించే పందిరి అడిగానేమో అనిపించింది.

"ఏటలా రాసుకుంటన్నావు తల్లీ? రా!" నూకరత్నం నా చెయ్యి పట్టి లాగేసింది. నాకు అడుగులు రావన్నాను. ఎవరికొచ్చని అంది.

రెండు చుట్లు తిరిగేసరికి ఊపిరాడలేదు. గోడ దగ్గర నిలబడ్డ యోహాను రెండు చేతులూ ఊపుతూ కేకేశాడు.

"మేడమ్, మీదీ కనిపిస్తోంది!"

"ఎలా ఉంది?" అని అరిచాను.

"అందరికంటే ముందు పరిగెడుతోంది!"

ఆగమంటాడేమోనని చూశాను. ఆగమనలేదు. అతనూ పరుగెత్తుకొచ్చి వరసలో కలిశాడు.